సోలోనా, డ్యుయోనా, స్క్వాడా? బీజీఎంఐలో మీకు ఏది సరిపోతుంది

బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆఖరి దాకా బతికినవాళ్లు గెలిచే ఫోన్ గేమ్. అందులో మ్యాచ్ మొదలుపెట్టే ముందు సోలో (ఒంటరిగా), డ్యుయో (ఇద్దరు), స్క్వాడ్ (నలుగురు) అని మూడు మాటలు కనిపిస్తాయి. చాలామంది వాటి గురించి పెద్దగా ఆలోచించరు. మొదటిసారి ఎవరో ఫ్రెండ్ స్క్వాడ్‌లోకి పిలిచి ఉంటాడు, ఇక అప్పటి నుంచి స్క్వాడే. లేదంటే మొదట్లోనే రాండమ్స్‌తో (గేమ్ జతచేసిన తెలియనివాళ్లతో) నాలుగు తిట్లు తిని సోలోకి వెళ్లిపోయి ఉంటారు, ఇక అప్పటి నుంచి సోలోనే.

నేను 2018లో, ఇది పబ్జీ మొబైల్‌గా ఉన్నప్పుడు మొదలుపెట్టాను. 2020 సెప్టెంబరులో నిషేధం, 2021 జులైలో బీజీఎంఐ పేరుతో రాక, 2022 జులైలో స్టోర్ల నుంచి మళ్లీ మాయం కావడం, 2023 మేలో తిరిగి రావడం అన్నీ చూశాను. ఇన్నేళ్లు మూడు మోడ్‌లూ ఆడాక ఒక విషయం గట్టిగా చెప్పగలను. మీకు ఏ మోడ్ సరిపోతుందో తేల్చేది మీ గురి కాదు. మీ ఇల్లు, మీ టైమ్, మీతో ఆడే మనిషి. గురి బాగున్నవాళ్లు తప్పు మోడ్‌లో ఏడాది పాటు చిరాకు పడుతూ ఆడటం చూశాను. గురి అంతంతమాత్రంగా ఉన్నవాళ్లు సరైన మనిషితో డ్యుయో ఆడి హాయిగా చికెన్ డిన్నర్లు (మ్యాచ్ గెలుపులు) కొట్టడమూ చూశాను.

## ముందు ఈ నాలుగూ తేల్చుకోండి

ఆ అరగంట మీదేనా? ఎరాంగెల్, మిరామార్ ఒక్కోటి 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు ఉన్న మ్యాప్‌లు. వంద మంది దిగుతారు. ఆఖరి జోన్ (కుంచించుకుపోతూ వచ్చే సురక్షిత ప్రాంతం) దాకా బతికితే దాదాపు అరగంట పడుతుంది. ఆ అరగంట మిమ్మల్ని ఎవరూ పిలవరని చెప్పగలరా? చిన్న ప్రశ్నే, కానీ నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది ఇదే. సోలోలో ఉండగా గ్యాస్ సిలిండర్ వచ్చిందని పిలిస్తే ఫోన్ పక్కన పడేసి వెళ్లొచ్చు. పోయేది మీ ర్యాంక్ పాయింట్లే. స్క్వాడ్‌లో అదే పని చేస్తే, మీరు కాస్తున్న వైపు నుంచి శత్రువు వచ్చి మిగతా ముగ్గురినీ చంపేస్తాడు. ఇంట్లో పని ఉన్నవాళ్లది తప్పని అనడం లేదు. వాళ్లకు స్క్వాడ్ సరైన ఎంపిక కాదంటున్నాను, అంతే.

ఓడినప్పుడు కోపం ఎవరి మీదకు పోతుంది? కొందరు తమ తప్పును తేలిగ్గా తీసుకుంటారు, పక్కవాడి తప్పును మాత్రం తట్టుకోలేరు. ఇంకొందరు తమ తప్పు వల్ల నలుగురి ఆట పోయిందంటే రెండు రోజులు బాధపడతారు. ఈ రెండు రకాలవాళ్లకూ స్క్వాడ్ కష్టమే, కారణాలు వేరు. ఒంటరిగా చచ్చిపోయినప్పుడు ఫోన్ విసిరేయాలనిపించేవాళ్లూ ఉంటారు. పక్కన ఇంకొకరు "పర్లేదులే, ఇంకో మ్యాచ్" అంటేనే వాళ్లకు తేలికపడుతుంది.

నోరు, చెవి ఖాళీగా ఉన్నాయా? స్క్వాడ్ అంటే మాట్లాడాలి. పక్క గదిలో చంటిపాప పడుకుని ఉంటే, హాస్టల్ రూమ్‌లో ఇంకో ఇద్దరు చదువుకుంటుంటే మైక్ ఆన్ చేసి అరవలేరు. ఇక్కడే ఇయర్‌ఫోన్ల సంగతి కూడా చెప్పాలి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో శబ్దం కొంచెం ఆలస్యంగా వస్తుంది. పైగా వాటి మైక్ ఆన్ చేయగానే చాలా ఫోన్లు కాల్ మోడ్‌లోకి మారిపోతాయి, శబ్దం డొల్లగా వినిపిస్తుంది, అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తోందో తెలియదు. అంటే మాట్లాడటానికి మైక్ పెడితే వినే శక్తి పోతుంది. రెండు మూడు వందలు పెట్టి వైరున్న ఇయర్‌ఫోన్స్ కొనుక్కోండి. స్క్వాడ్ ఆడేవాళ్లకు ఇది కొత్త స్కిన్ (తుపాకీకో, బట్టలకో వేసే అలంకారం) కన్నా వెయ్యి రెట్లు మేలు.

మీతో ఎవరున్నారు? స్నేహితుల జాబితా పొడవుగానే ఉంటుంది. మీ టైమ్‌కి వచ్చేవాళ్లు ఎంతమంది అన్నదే లెక్క. రాత్రి 10 గంటలకు రోజూ ఇద్దరు దొరుకుతారంటే ఒక దారి. నెలకు ఒకసారి నలుగురు కలుస్తారంటే వేరే దారి. విదేశాల్లో ఉన్న అన్నయ్యనో, చిన్ననాటి ఫ్రెండ్‌నో స్క్వాడ్‌లోకి లాగుదామని అనుకుంటుంటే ముందే తెలుసుకోండి, బీజీఎంఐ ఇండియాకే పరిమితం. బయట దేశాల్లో ఆడేది పబ్జీ మొబైల్, దాని ఖాతాలు వేరు, రెండూ ఒక మ్యాచ్‌లో కలవవు.

మొత్తం ఒకచోట చూడాలనుకునేవాళ్ల కోసం:

| చూడాల్సింది | సోలో | డ్యుయో | తెలిసినవాళ్ల స్క్వాడ్ | రాండమ్ స్క్వాడ్ |
|---|---|---|---|---|
| మధ్యలో లేచి వెళ్తే | నష్టం మీకే | ఒకరికి ఇబ్బంది | ముగ్గురికి ఇబ్బంది | ముగ్గురికి ఇబ్బంది, తిట్లు కూడా |
| దెబ్బ తిని పడిపోతే | ఆట అక్కడితో ఆఖరు | ఒక్కరే లేపగలరు | ముగ్గురిలో ఎవరైనా లేపుతారు | లేపుతారో లేదో చెప్పలేం |
| ఎదురుగా ఉండేది | 99 మంది, ఎవరికి వారే | 49 జంటలు | 24 జట్లు | 24 జట్లు |
| మైక్ | అక్కర్లేదు | ఉంటే చాలా మేలు | తప్పనిసరి | చాలామంది ఆన్ చేయరు |
| బాగా నేర్పేది | చెవి, పొజిషన్, ఓపిక | కవర్ ఇవ్వడం, కలిసి కదలడం | సమాచారం, ప్లాన్, పాత్రలు | మార్కర్లతో సర్దుకోవడం |
| ఎవరికి | టైమ్ చేతిలో లేనివాళ్లకు | ఉద్యోగస్తులకు, కొత్తవాళ్లకు | టోర్నమెంట్ కల ఉన్నవాళ్లకు | మిషన్లు పూర్తి చేసుకునేవాళ్లకు |

## సోలో: ప్రతి చప్పుడూ శత్రువే

సోలో తేలికని, స్క్వాడ్ కష్టమని ఒక మాట తిరుగుతుంటుంది. రెండూ సమానంగా కష్టమే, కష్టపెట్టే తీరు వేరు.

సోలోలో నాక్ (దెబ్బ తిని పడిపోయినా ఇంకా ప్రాణంతో ఉండటం) అనేది లేదు. రక్తం సున్నాకు వచ్చిందంటే క్రేట్ (చచ్చినవాడి సామాను పెట్టె) అయిపోయినట్టే. పొగ వేసేవాడు లేడు, లేపేవాడు లేడు. అందుకే ఎవరినైనా కాల్చే ముందు "ఈ ఫైట్ నాకు అవసరమా" అని ప్రశ్నించుకోవడం అలవాటవుతుంది. ఆ అలవాటు తర్వాత ఏ మోడ్‌కి వెళ్లినా పనికొస్తుంది.

రెండో విషయం చెవి. స్క్వాడ్‌లో మూడు జతల కాళ్లు మీ చుట్టూనే తిరుగుతుంటాయి. పై అంతస్తులో చప్పుడైతే అది మనవాడో కాదో చూసుకోవడానికి మ్యాప్ వైపు కన్ను వెళ్తుంది. సోలోలో ఆ గొడవ లేదు. మీ అడుగు కాని ప్రతి అడుగూ శత్రువుదే.

ఒకసారి ఎరాంగెల్‌లోని పోచింకి ఊళ్లో, చర్చికి దగ్గర్లో రెండంతస్తుల ఇంట్లో ఉన్నాను. మేడ మీద బాత్‌రూమ్‌లో కూర్చుని ఫస్ట్ ఎయిడ్ కొడుతున్నాను. కింద తలుపు తెరుచుకుంది. తెరిచినవాడు మూయలేదు. నాలుగు అడుగులు, ఆగాడు. వంటగది వైపు రెండు అడుగులు, ఆగాడు. వాడు లూట్ చేయడం (సామాను ఏరుకోవడం) లేదని అప్పుడు అర్థమైంది. లూట్ చేసేవాడి అడుగులు ఆగి ఆగి పడవు, గబగబా పడతాయి. వాడు నన్ను వెతుకుతున్నాడు. ఫస్ట్ ఎయిడ్ మధ్యలో ఆపేసి ఎం416 తుపాకీ చేతిలోకి తీసుకుని మెట్ల వైపు గురిపెట్టి కూర్చున్నాను. మొదటి మెట్టు చప్పుడు, రెండోది, తర్వాత నిశ్శబ్దం. వాడు వంగి నడవడం మొదలుపెట్టాడు. నా ఫోన్ పట్టుకున్న బొటనవేళ్లు చెమటతో జారుతున్నాయి. మెట్ల మలుపులో హెల్మెట్ అంచు కనిపించిన క్షణంలో కాల్చాను. ఆ పదిహేను సెకన్లలో నేర్చుకున్నది ఎన్ని స్క్వాడ్ మ్యాచ్‌లు ఆడినా వచ్చేది కాదు. మైక్‌లో ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటే ఆ ఆగిన అడుగు నాకు వినపడేదే కాదు.

ఇక సోలోలో నిజంగా కష్టం ఎక్కడంటే ఆఖరి జోన్లలో. స్క్వాడ్‌లో 20 మంది మిగిలారంటే ఆరేడు జట్లు ఉంటాయి, ఏ జట్టు ఎటు ఉందో కొంత అంచనా వేయొచ్చు. సోలోలో 20 మంది అంటే 20 వేరు వేరు చోట్లు. ప్రతి చెట్టు వెనక ఒకడు, గడ్డిలో పాములా పాకేవాళ్లు నలుగురు. గెలిచిన ప్రతి ఫైట్ తర్వాత ఆ తుపాకీ చప్పుడు విన్న మూడోవాడు వస్తాడు. కాబట్టి సోలో ఆడేవాళ్లు జోన్‌లోకి తొందరగా వెళ్లి ఒక మంచి చోటు పట్టుకోవడం, అనవసరంగా కాల్చకపోవడం నేర్చుకోవాలి. ఎప్పుడూ రష్ చేయాలని, అంటే శత్రువు మీదకు దూకాలని అనిపించేవాళ్లకు ఈ మోడ్ చప్పగా అనిపిస్తుంది. వాళ్లను తప్పుపట్టలేం.

టైమ్ తక్కువగా ఉంటే సోలోలోనే చిన్న మ్యాప్ ఉంది కదా. లివిక్ 2 కిలోమీటర్ల మ్యాప్, 52 మంది, పావుగంటలో అయిపోతుంది. ఆఫీసు క్యాబ్ వచ్చేలోపు ఒక మ్యాచ్ అనుకునేవాళ్లకు లివిక్ సోలో కన్నా మంచిది నాకు తెలియదు.

ఒక హెచ్చరిక. ఇద్దరు ఫ్రెండ్స్ ఒకేసారి సోలో మ్యాచ్ పెట్టి, లోపల కలుసుకుని, ఒకరినొకరు కాల్చకుండా తిరగడం కొందరికి సరదాగా అనిపిస్తుంది. అది టీమింగ్, నిబంధనలకు విరుద్ధం, ఖాతా పోగొట్టుకునే పని. ఇద్దరు కలిసి ఆడాలనుంటే డ్యుయో ఉంది.

## తెలిసినవాళ్ల స్క్వాడ్: సమాచారమే సగం ఆట

నలుగురు తెలిసినవాళ్లు, నలుగురికీ మైక్, నలుగురికీ ఒకే టైమ్. ఈ మూడూ కలిస్తే ఈ గేమ్‌లో స్క్వాడ్‌ను మించింది లేదు.

స్క్వాడ్‌లో పడిపోయినవాడు వెంటనే చావడు. పాకుతూ కవర్ వెనక్కి వెళ్లొచ్చు, ఇంకొకరు వచ్చి సుమారు పది సెకన్లలో లేపొచ్చు. ఈ పది సెకన్ల చుట్టూనే స్క్వాడ్ ఆట మొత్తం తిరుగుతుంది. మీరు ఎదుటివాణ్ని నాక్ చేశారంటే, వాడి జట్టులో ఒకడు వాడిని లేపే పనిలో ఉంటాడు. అంటే పది సెకన్ల పాటు అవతల ఇద్దరి తుపాకులు పనిచేయవు. రష్ చేయాల్సింది అప్పుడే. మీవాడు పడిపోతే ఇదే లెక్క తలకిందులవుతుంది. ముందు స్మోక్, తర్వాత ఆ వైపు ఒకరు కవర్ ఫైర్, ఆ తర్వాతే రివైవ్ (లేపడం). కంగారులో ముందు రివైవ్‌కి పరిగెత్తేవాళ్లే రెండో క్రేట్ అవుతారు. నిలబడి ఉన్న ఆఖరివాడు పోతే నేల మీద పాకుతున్నవాళ్లంతా ఒక్కసారే పోతారు కాబట్టి, అప్పుడప్పుడూ పడిపోయినవాడిని వదిలేసి వెనక్కి తగ్గడమే సరైన పని. ఇది ముందే మాట్లాడుకుని ఉండాలి. మాట్లాడుకోని జట్లలో గొడవలు ఇక్కడే మొదలవుతాయి.

మాట ఎలా చెప్పాలన్నది కూడా నేర్చుకోవాల్సిన విద్యే. మా పిన్నిగారి అబ్బాయి మొదట్లో ఎప్పుడూ ఒకటే అరిచేవాడు: "అన్నా, అక్కడ! అక్కడ ఉన్నాడన్నా!" అక్కడంటే ఎక్కడో వాడి ఫోన్‌కే తెలుసు. స్క్రీన్ పైన కంపాస్‌లో అంకెలుంటాయి, అవి చదవమని నేర్పాను. నెల తర్వాత వాడు మాట్లాడేది ఇలా ఉండేది: "330లో, రాయి వెనక, ఒక్కడే, హెల్మెట్ పోయింది." దిక్కు, కవర్, ఎంతమంది, ఎంత దెబ్బ తిన్నాడు. రెండు సెకన్లలో నాలుగు సంగతులు. ఆ రోజు నుంచి మా జట్టు తీరే మారిపోయింది, ఎవరి గురీ మారకుండానే.

పాత్రల గురించి ఎక్కువ చెప్పను. ముందు దూరేవాడు ఒకడు, దూరం నుంచి కొట్టేవాడు ఒకడు, స్మోక్‌లు, ఫస్ట్ ఎయిడ్‌లు మోస్తూ వెనక ఉండేవాడు ఒకడు, ఎటు వెళ్లాలో చెప్పే ఐజీఎల్ (ఇన్-గేమ్ లీడర్) ఒకడు. నలుగురూ ఐజీఎల్‌లే అయితే ఆ జట్టు జోన్ బయటే చస్తుంది. లూట్ విషయంలో నలుగురూ 5.56 రకం బుల్లెట్ల తుపాకులే పట్టుకుంటే బుల్లెట్లకు కొట్టుకోవాల్సి వస్తుంది. ఒకరిద్దరు 7.62 వైపు వెళ్తే అందరికీ సరిపోతాయి.

టోర్నమెంట్ ఆడాలనే కోరిక ఉన్నవాళ్లకు ఇక వేరే ఆలోచనే అక్కర్లేదు. పెద్ద పోటీలన్నీ స్క్వాడ్‌లోనే జరుగుతాయి. 2024 జూన్ చివర్లో బీజీఐఎస్ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా సిరీస్) గ్రాండ్ ఫైనల్స్ మన హైదరాబాద్ హైటెక్స్‌లోనే జరిగాయి, 16 జట్లు, జట్టుకు నలుగురు, మొత్తం ప్రైజ్ మనీ 2 కోట్ల రూపాయలు. ఆ స్థాయి జట్లలో కాల్చేటప్పుడు కూడా గొంతులు ఎంత నిదానంగా ఉంటాయో గమనించండి. అరుపులు గెలిచాకే.

మరి స్క్వాడ్ ఖరీదు ఏంటి? టైమ్. నలుగురు దొరకడానికే రాత్రి అరగంట పోతుంది. ఒకడు "అన్నం తినొస్తా, రెండు నిమిషాలు" అంటాడు. ఇంకొకడి ఫోన్ అప్‌డేట్ అవుతుంటుంది. ఒక్క మ్యాచ్ అనుకుని కూర్చుంటే మూడవుతాయి, ఎందుకంటే మధ్యలో లేవడానికి మొహమాటం. ఇంటర్, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) చదువుతున్న పిల్లలు ఈ మొహమాటం గురించి ఆలోచించాలి. గేమ్ తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్లలోపువాళ్లకు రోజుకు 3 గంటలు, పెద్దవాళ్లకు 6 గంటల పరిమితి పెట్టారు. పరీక్షలకు చదివేవాళ్లకు ఆ 3 గంటలు కూడా ఎక్కువే. పరీక్షల నెలల్లో స్క్వాడ్ గ్రూప్‌లో ముందే చెప్పేసి బయటికి రావడం మంచిది. నిజమైన ఫ్రెండ్స్ ఎవరూ ఏమీ అనుకోరు.

## రాండమ్ స్క్వాడ్: నేను వద్దనే చెబుతాను

ముగ్గురు ముక్కూమొహం తెలియనివాళ్లతో స్క్వాడ్. నా ఉద్దేశంలో చాలామందికి ఈ గేమ్ మీద విసుగు పుట్టేది ఇక్కడే. ఒకడు దిగీదిగగానే స్కూల్‌లో దూకి చచ్చి వెళ్లిపోతాడు. ఇంకొకడు జీపు తీసుకుని మ్యాప్ అవతలికి పోతాడు. మూడోవాడి మైక్‌లో ఫ్యాన్ చప్పుడు, టీవీ సీరియల్ వినిపిస్తుంటాయి. సోలోలో ఉండే ప్రశాంతతా దక్కదు, స్క్వాడ్‌లో ఉండే అండా దక్కదు. అయినా ఎదురుగా వచ్చేవాళ్లలో నిజమైన స్క్వాడ్‌లు ఉంటాయి, వాళ్ల నలుగురి ముందు మీరు ఒక్కరే.

అమ్మాయిలకు ఇది ఇంకా కష్టం. గొంతు వినగానే వెకిలి మాటలు మొదలవుతాయని నాతో ఆడే ఇద్దరు చెప్పారు. వాళ్లు రాండమ్స్‌తో మైక్ ఆన్ చేయడమే మానేశారు. అది వాళ్ల లోపం కాదు, సిగ్గుపడాల్సింది అవతలివాళ్లు. అలాంటివాళ్లు తగిలితే ఓపిక పట్టకండి, వెంటనే మ్యూట్ చేసి రిపోర్ట్ కొట్టండి.

తప్పనిసరై ఆడాల్సి వస్తే మాటలకన్నా మార్కర్లను నమ్ముకోండి. హిందీ, తమిళం, మలయాళం ఏ భాషవాడైనా మ్యాప్ మీద పెట్టిన మార్క్ అర్థమవుతుంది. దిగే చోటు మీరే మొదట మార్క్ చేయండి, ఎవరూ లీడ్ తీసుకోకపోతే మిగతావాళ్లు దాదాపు అటే వస్తారు. బాగా ఆడి, మర్యాదగా ఉన్నవాడు కనిపిస్తే మ్యాచ్ అవగానే ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపండి. నాతో ఇప్పుడు రోజూ ఆడే విజయనగరం కుర్రాడు అలా దొరికినవాడే.

ఇంకో రకం కూడా ఉంది: స్క్వాడ్ మ్యాచ్‌లోకి కావాలనే ఒంటరిగా వెళ్లడం, అదే సోలో వర్సెస్ స్క్వాడ్. స్ట్రీమర్లు ఆడుతుంటే చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. ఒకడిని నాక్ చేసినా మిగతా ముగ్గురు వాడిని లేపుతారు, మీరు పడితే మాత్రం అదే ఆఖరు. ర్యాంక్ గురించి ఏమాత్రం పట్టింపు లేని రోజున, ఫైట్‌లు నేర్చుకోవడానికి మాత్రమే వెళ్లండి.

## డ్యుయో: అందరూ వదిలేసే మంచి దారి

ఉద్యోగం చేసుకుంటూ, పెళ్లయి, రాత్రి ఒక గంట దొరికేవాళ్లందరికీ నేను చెప్పేది డ్యుయోనే. కొత్తగా నేర్చుకునేవాళ్లకూ ఇదే చెబుతాను.

నలుగురి టైమ్ కలవడం కష్టం, ఇద్దరిది కలుస్తుంది. మైక్‌లో ఒకే గొంతు కాబట్టి ఎవరు మాట్లాడాలన్న తొక్కిసలాట ఉండదు, అడుగుల చప్పుడు కూడా వినిపిస్తుంది. మనకు తెలిసిన కాళ్లు ఒక జతే. పడిపోతే లేపేవాడు ఉన్నాడు, అయితే ఒక్కడే ఉన్నాడు. అందుకే ఇద్దరూ ఒకరికొకరు దూరం పోకుండా, మరీ అంటుకుపోకుండా కదలడం అలవాటవుతుంది. ఒకే చెట్టు వెనక ఇద్దరూ నిలబడితే ఒక్క గ్రెనేడ్‌కి ఇద్దరూ పోతారు. రెండు చెట్ల దూరంలో ఉంటే అవతలివాడు ఎటు తిరిగినా ఇంకొకరికి పక్క నుంచి కనిపిస్తాడు.

కరీంనగర్‌లో ఉండే మా బావ, నేను మూడేళ్లుగా డ్యుయో ఆడుతున్నాం. ఆయనకు షాపు ఉంది, షట్టర్ దించి ఇంటికొచ్చి అన్నం తినేసరికి పదిన్నర. రెండు మ్యాచ్‌లు, అంతే. మొన్న దసరా తర్వాత ఒక మ్యాచ్‌లో నేను మిలిటరీ బేస్ వంతెన దాటుతూ నాక్ అయ్యాను. వంతెన మీద స్మోక్ వేస్తే అవతల కొండ మీద నుంచి కొడుతున్నవాళ్లకు ఎక్కడ కాల్చాలో తెలిసిపోతుంది. బావ ఒక స్మోక్ నాకు చాలా ముందు వేశాడు, ఇంకొకటి చాలా వెనక వేశాడు, మూడోది నా మీద వేశాడు. వాళ్లు మొదటి పొగలోకి కాలుస్తూ ఉండిపోయారు. "కదలకు బావా, వస్తున్నా" అన్నాడు, ఆయన గొంతులో టెన్షనే లేదు. నన్ను లేపాడు. ఆ మ్యాచ్‌లో మేం ఐదో స్థానంలోనే పోయాం. కానీ ఆ మూడు స్మోక్‌ల గురించి సంక్రాంతికి ఇంట్లో కూర్చున్నప్పుడు కూడా మాట్లాడుకున్నాం. డ్యుయో మొదలుపెట్టకముందు మేం ఇద్దరం ఫోన్‌లో "అంతా బాగేనా, బాగే" తప్ప పెద్దగా మాట్లాడుకున్నవాళ్లం కాదు.

డ్యుయోలో లోటు లేదా? ఉంది. ఇద్దరిలో ఒకరు బాగా గట్టివాడు, ఇంకొకరు కొత్తవాడు అయితే గట్టివాడి స్థాయిని బట్టి వచ్చే శత్రువులు కొత్తవాడికి చుక్కలు చూపిస్తారు. కొత్తవాడు ప్రతి మ్యాచ్‌లో మొదట చచ్చి, మిగతా ఇరవై నిమిషాలు చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. అలాంటి జంటలు ర్యాంక్ మ్యాచ్‌లు పక్కన పెట్టి కొన్నాళ్లు అన్‌ర్యాంక్డ్‌లో ఆడాలి. గట్టివాడు దీనికి ఒప్పుకుంటే ఆ జంట నిలుస్తుంది.

## టీడీఎం, ఇతర గేమ్‌లు

టీడీఎం (టీమ్ డెత్‌మ్యాచ్) పేరుకు జట్టు ఆటే, నలుగురు వర్సెస్ నలుగురు, ముందు 40 కిల్స్ చేసినవాళ్లు గెలిచినట్టు. నిజానికి లోపల ఎవరి ఫైట్ వారిదే, చచ్చినా మళ్లీ పుడతారు. సెన్సిటివిటీ (వేలు కదిపితే గురి ఎంత వేగంగా తిరగాలన్న సెట్టింగ్) మార్చుకున్నప్పుడు, చెయ్యి వేడెక్కించుకోవడానికి క్లాసిక్‌కి (పైన చెప్పిన మామూలు మ్యాచ్‌లకు) ముందు రెండు మ్యాచ్‌లు వేయండి. దీన్ని ప్రధాన మోడ్‌గా పెట్టుకోకండి. ఇందులో జోన్ లేదు, లూట్ లేదు, ఓపిక అవసరం లేదు.

పాత ఫోన్ ఉన్నవాళ్లు ఫ్రీ ఫైర్ మ్యాక్స్ వైపు వెళ్తారు. అక్కడ మ్యాచ్‌లో సుమారు 50 మందే, పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. పైన చెప్పిన టైమ్ సమస్య సగం తగ్గిపోతుంది కాబట్టి అక్కడ స్క్వాడ్ ఆడటం తేలిక.

కంప్యూటర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 రెండూ ఐదుగురు వర్సెస్ ఐదుగురు, ర్యాంక్ మ్యాచ్‌లో ముందు 13 రౌండ్లు గెలవాలి. అక్కడ ర్యాంక్‌లో సోలో మోడ్ అనేదే లేదు. సోలో అంటే ఒంటరిగా క్యూలో నిలబడి నలుగురు తెలియనివాళ్లతో ఆడటం. మధ్యలో లేచి వెళ్తే శిక్ష కూడా పడుతుంది. వాలరెంట్ ర్యాంక్‌లో ఒకరు, ఇద్దరు, ముగ్గురు, ఐదుగురు కలిసి వెళ్లొచ్చు, నలుగురు మాత్రం వెళ్లలేరు. ఐదోవాడు ఒంటరివాడైతే మిగతా నలుగురి మధ్య నలిగిపోతాడు కదా. అరగంట పైన గ్యారంటీగా కూర్చోలేనివాళ్లు ఈ రెండింటిలో ర్యాంక్ జోలికి వెళ్లకుండా డెత్‌మ్యాచ్‌తో సరిపెట్టుకోండి.

## ఇంకా తేలకపోతే

ఒక నోటు పుస్తకం తీసుకోండి. పది సోలో మ్యాచ్‌లు, పది డ్యుయో లేదా స్క్వాడ్ మ్యాచ్‌లు ఆడండి. ప్రతిసారీ ఎలా చచ్చారో ఒక్క లైన్ రాయండి. సెట్టింగ్స్‌లో డెత్ రీప్లే ఆన్ చేసుకుంటే నిజంగా ఏం జరిగిందో కనిపిస్తుంది, ఊహించి రాయాల్సిన పని ఉండదు. బాట్‌లను (గేమ్ నడిపించే ఉత్తుత్తి ఆటగాళ్లను) కొట్టిన కిల్స్‌ను లెక్కలోకి తీసుకోకండి. కింది ర్యాంకుల్లో బాట్‌లు ఎక్కువ, అవి ఉన్న గురినీ లేని గురినీ ఒకేలా చూపిస్తాయి.

ఇరవై లైన్లు అయ్యాక చదవండి. "ఎదురెదురుగా నిలబడి కాల్చుకున్నాం, వాడే గెలిచాడు" అని ఎక్కువసార్లు ఉంటే మీకు ముందు కావాల్సింది టీడీఎం, తర్వాత సోలో. "వెనక నుంచి కొట్టాడు, చూసుకోలేదు" అని ఉంటే వెనక చూసే మనిషి కావాలి, డ్యుయోకి వెళ్లండి. "జోన్ బయట చచ్చాను" అని ఉంటే టైమ్ లెక్క రాలేదని అర్థం, సోలోలోనే నేర్చుకోవాలి. "టీమ్‌మేట్ రివైవ్ చేయలేదు" అని ఏడెనిమిది సార్లు ఉంటే మోడ్ మార్చక్కర్లేదు, మనుషుల్ని మార్చాలి. "పిలిచారు, ఫోన్ పక్కన పెట్టాను" అని మూడుసార్లకు మించి ఉంటే లివిక్ సోలో మీదే.

నా పుస్తకంలో ఇరవైలో తొమ్మిది లైన్లు వెనక నుంచి పడిన దెబ్బలే. ఆ వారమే బావకు ఫోన్ చేశాను.